పట్టు రైతు పెరట్లో ఎర్ర ఆలుగడ్డ: మందు లేకుండా, ఎండలు రాకముందే



వానకాలం పోయి చలి మొదలైందంటే మన గ్రూపులో ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. "పెరడు ఖాళీగా ఉంది, ఇంటి మందం ఏం పెట్టుకోవాలె?" అని. మేము ప్రాణహిత ఒడ్డున, సిరొంచ తాలూకాలో దసలి పట్టు పెంచుతాం. ఐదేండ్ల నుంచి చలికాలంలో పెరట్లో పావు గుంట ఎర్ర ఆలుగడ్డ పెడుతున్నాం. మొదటి మూడేండ్లు తప్పులే చేసినం. ఆ తప్పుల్లో ఒకటి మా పురుగునే తిన్నది. అందుకే ఈసారి ఆలుగడ్డ గురించి రాస్తున్నాం. నిజానికి ఇది ఆలుగడ్డ కన్నా మన పట్టుపురుగు గురించే అనుకోండి.

*ముందు మా తప్పు చెప్తాం*

మొదటి యేడు గడ్డ మంచిగనే మొలిచింది. నెల దినాలు కాకముందే ఆకు కింద పేనుబంక పట్టింది. మిర్చికి కొట్టే మందు ఇంట్లో ఉంటే, చేతి పంపులో పోసి పెరట్లో కొట్టినం. పంపు రెండుసార్లు కడిగినం. ఇగ ఏం కాదనుకున్నం. మూడో దినం అదే పంపులో బ్లీచింగ్ నీళ్లు కలిపి మద్ది చెట్ల కింద కొట్టినం. కింది కొమ్మల ఆకు కూడా తడిసింది.

పొద్దూకే సరికి నాలుగో జ్వరం లేచిన పురుగు తల అటూ ఇటూ ఊపడం మొదలుపెట్టింది. నోట్లోంచి పచ్చటి నీళ్లు కక్కింది. వెనుక కాళ్లతో కొమ్మ పట్టుకొని తలకిందులుగా వేలాడింది. తెల్లారి చూస్తే పదకొండు చెట్ల కింద రాలి పడి ఉంది. పిట్టలను కొట్టడానికి వడిసెల పట్టుకొని నెల పైన కావలి కాసిన పురుగది. మేమే చేతులారా చంపుకున్నం. కాయ లెక్కన చూస్తే నాలుగు వందలకు పైనే పోయింది. ఆ యేడు మేము తిన్న ఆలుగడ్డ కిలో ఎంత పడిందో లెక్క వేసుకోలేదు. వేసుకుంటే ముద్ద దిగేది కాదు.

పంపు ఎంత కడిగినా ట్యాంకు మూలల్లో, పైపులో, నాజిల్‌లో మందు మిగులుతుంది. మనిషికి, పశువుకు ఏమీ కానంత తక్కువైనా పట్టుపురుగుకు అది చాలు. ఎందుకంటే మనం కొట్టేది పురుగుమందు, మనం పెంచేది పురుగునే. ఈ మాట మనందరికీ తెలిసిందే. కానీ పొలం దగ్గర గుర్తుంచుకుంటాం, పెరట్లో మరిచిపోతాం.

*వేప నూనె కొడితే ఏమైతది?*

రెండో యేడు బుద్ధి వచ్చి వేప నూనె కొట్టినం. చెట్టు మందే కదా అనుకున్నం. తర్వాత ఒక శిక్షణలో తెలిసింది, పురుగు జ్వరం లేవకుండా ఆపేదే వేప గుణం అని. పంట మీది పురుగును ఎట్లా ఆపుతుందో పట్టుపురుగును కూడా అట్లనే ఆపుతుంది. వేప తగిలిన ఆకు తిన్న పురుగు మేత తగ్గిస్తుంది, జ్వరం సరిగ్గా లేవదు, పొర విడవలేక చస్తుంది. పొగాకు కషాయం ఇంకా చేటు. అందులో ఉన్న విషం పట్టుపురుగుకు వెంటనే తగులుతుంది. సహజమైనది అయినంత మాత్రాన మన పురుగుకు మంచిది కాదు. దసలి పెంచేవాళ్లకూ, మల్బరీ పెంచేవాళ్లకూ ఈ మాట ఒక్కటే.

అయితే మందు కొట్టకుండా ఆలుగడ్డ ఎట్లా తియ్యాలి? మాకు దొరికిన జవాబు ఇది: తొందరగా వచ్చే గడ్డ పెట్టు, సరైన దినాల్లో పెట్టు, చీడ ముదిరేలోపు తవ్వి ఇంట్లో పెట్టు. మిగతా సంగతులన్నీ దీని చుట్టే ఉంటాయి.

*మన దగ్గర తొందర గడ్డే ఎందుకు?*

ఆలుగడ్డ చలి పంట. రాత్రి చల్లగా ఉంటేనే మట్టిలో గడ్డ కడుతుంది. రాత్రి వేడి 20 డిగ్రీల లోపు ఉండాలి. వేడి పెరిగితే చెట్టు ఆకు పెంచుతుంది గానీ గడ్డ కట్టదు. మన సిరొంచ, అంకీసా, అసరెల్లి వైపు, గోదావరి అవతల మహదేవపూర్ వైపు, ప్రాణహిత అవతల చెన్నూరు, కోటపల్లి వైపు చలి ఎన్ని దినాలు ఉంటుందో మీకు తెలుసు. నవంబరు నడుమ నుంచి జనవరి చివరి దాకా. ఫిబ్రవరి పడిందంటే పగలు చురుక్కుమంటుంది. 110, 120 దినాల రకం పెడితే గడ్డ ఊరే దినాల్లోనే ఎండ వచ్చి పడుతుంది. దాంతోపాటే పేనుబంక కూడా ఎక్కువవుతుంది. 75, 80 దినాల్లో తవ్వుకునే గడ్డ అయితే ఈ రెండింటి నుంచి తప్పించుకుంటుంది.

*ఏ రకం?*

మన దేశంలో ఆలుగడ్డ రకాల పేర్లు చాలావరకు కుఫ్రితో మొదలవుతాయి. కుఫ్రి అంటే సిమ్లా దగ్గర ఒక కొండ ఊరు. 1949లో పాట్నాలో మొదలైన కేంద్ర ఆలుగడ్డ పరిశోధన సంస్థ 1956లో సిమ్లాకు మారింది. కొత్త రకాలకు సంకరం చేసేది ఆ కుఫ్రిలోనే, అందుకే ఆ పేరు.

ఎర్ర తొక్కు రకాల్లో పాతది కుఫ్రి సింధూరి. 1967లో వచ్చింది. ఎక్కువ దినాలు నిల్వ ఉంటుంది గానీ అది ఆలస్యపు రకం, 110 దినాల పైనే. మనకు పనికిరాదు. తర్వాతది కుఫ్రి లాలిమ, 1982లో వచ్చింది. మన గడ్చిరోలి జిల్లా చంద్రపూర్ నుంచి విడిపోయింది కూడా ఆ యేడే. లాలిమ గుండ్రటి గడ్డ, ఎర్ర తొక్కు, లోపల తెలుపు. పూర్తిగా పండడానికి 90 నుంచి 100 దినాలు. కానీ ఇంటి కూరకు 75, 80 దినాలకే తవ్వుకోవచ్చు. గడ్డ కొంచెం చిన్నగా ఉంటుంది, అంతే. మేము పెట్టేది ఇదే. ఇంకా తొందరగా వచ్చే ఎర్ర రకం కావాలంటే కొత్తగా వచ్చిన కుఫ్రి ఉదయ్ ఉంది. విత్తనం దొరికితే అదే పెట్టండి.

*ఎప్పుడు పెట్టాలె?*

మా లెక్క పండుగలతో ఉంటుంది. దీపావళి ముందు వెనుక మొదలుపెట్టి, కాళేశ్వరం స్నానాలకు పోయే కార్తీక పున్నమి లోపల గడ్డ మట్టిలో పడాలి. సంక్రాంతి దాటిన వారం పది దినాలకు తవ్వుడు మొదలు. శివరాత్రి నాటికి మడి ఖాళీ అయిపోవాలి.

ఇది మన పట్టు పనికి కూడా కలిసి వస్తుంది. దీపావళి దినాల్లో చివరి పంట పురుగు మద్ది చెట్ల మీద ఉంటుంది. ఇంట్లో మగవాళ్లు అడవిలో కావలి ఉంటారు. గడ్డ పెట్టడానికి ఒక్క పూట చాలు. మా ఇంట్లో ఆ పని మా అమ్మ చూసుకుంటుంది. తర్వాత మూడు వారాలు నీళ్లు తప్ప పెద్దగా పని ఉండదు. నెల దినాలకు మట్టి ఎగదోసే పని వచ్చేసరికి కాయ ఏరడం మొదలవుతుంది, మనిషి ఇంటికి తిరిగి వస్తాడు.

*విత్తనం గడ్డ*

అంగడిలో కూరకు అమ్మే గడ్డ తెచ్చి పెట్టేవాళ్లే మన దగ్గర ఎక్కువ. "లాల్ బటాటా" అని అడిగితే ఏ రకమో చెప్పకుండానే తూకం వేస్తారు. అందులో మూడు చిక్కులు. ఒకటి, అది ఆలస్యపు రకం కావచ్చు. రెండు, ఆకు ముడత తెచ్చే వైరస్ గడ్డతోనే మన ఇంటికి వస్తుంది. మూడు, కూర గడ్డకు మొలక రాకుండా ఉండే మందు కొన్ని గోదాముల్లో పడతారు. అందుకే వీలైతే రకం పేరు చెప్పి అమ్మే విత్తన గడ్డనే కొనండి. దొరకక అంగడి గడ్డే తెస్తే, రెండు వారాలు ఇంట్లో పెట్టి చూడండి. మొలక రానిది కూరకు పోతుంది, మట్టిలోకి పోవద్దు.

మొలక తెప్పించడం ఇట్లా: గడ్డలను నీడలో, కొంచెం వెలుతురు తగిలే చోట, గోనె మీద ఒక్క వరుసగా పరవాలి. చీకట్లో పెడితే మొలక తెల్లగా పొడుగ్గా సాగి విరిగిపోతుంది. వెలుతురులో పెడితే పొట్టిగా, లావుగా, ఎర్రటి ఛాయతో వస్తుంది. అరంగుళం మొలక చాలు. మొలక తెప్పించి పెట్టిన గడ్డ మట్టి పైకి రావడం వారం ముందే జరుగుతుంది. మనకున్న చలి దినాల్లో ఆ వారం చాలా విలువైనది.

కోడిగుడ్డంత గడ్డ అయితే కోయకుండా పెట్టండి. పెద్దదైతే ప్రతి ముక్కకు రెండు మూడు కళ్లు ఉండేటట్టు నిలువుగా కోసి, ఒకటి రెండు దినాలు నీడలో ఆరబెట్టండి. కోసిన చోట పొర కట్టకుండా మట్టిలో పెడితే కుళ్లుతుంది. పావు గుంటకు 6, 7 కిలోల విత్తనం సరిపోతుంది.

*మట్టి: ఇక్కడ పట్టు రైతు చేసే తప్పు*

మూడో యేడు మేము చేసిన తప్పు ఇది. చెట్ల కింద చల్లడానికి ఒక వంతు బ్లీచింగ్, తొమ్మిది వంతుల సున్నం కలిపిన పొడి కొంత మిగిలింది. పురుగూ పుట్రా పోతదని ఆలుగడ్డ మడిలో చల్లినం. మీద పొయ్యి బూడిద కూడా పోసినం. గడ్డ తవ్వితే ఎర్ర తొక్కు మీద గజ్జి పట్టినట్టు గరుకు మచ్చలు. తొక్క తీస్తే తినొచ్చు గానీ చూడ బుద్ధి కాలేదు.

అది గజ్జి తెగులే. దాన్ని తెచ్చే సూక్ష్మజీవి సున్నం ఉన్న మట్టిలో బాగా పెరుగుతుంది. పట్టు రైతు ఇంట్లో సున్నం ఎప్పుడూ ఉంటుంది కాబట్టి ఈ తప్పు మనమే ఎక్కువ చేస్తాం. ఆలుగడ్డ మడిలో సున్నం వద్దు, బూడిద వద్దు, పచ్చి పెంట వద్దు.

మల్బరీ పెంచే అన్నలకు ఇంకో మాట. పడకల్లో చల్లే విజేత లాంటి పొడిలో ఎక్కువ భాగం సున్నమే. పడక తీసిన చెత్తలో అది కలిసి ఉంటుంది. ఆ చెత్తను ఆలుగడ్డకు వెయ్యకండి. రోగం వచ్చిన పడక చెత్త అయితే ఏ మడికీ వద్దు, కాల్చడమో లోతుగా పూడ్చడమో చెయ్యాలి. మంచి చెత్తను గుంతలో కప్పెట్టి పూర్తిగా మాగాక బెండ, చిక్కుడుకు వేసుకోండి. పలమనేరు, వి.కోట వైపు ఒకే ఊళ్లో మల్బరీ, ఆలుగడ్డ రెండూ పండుతాయి. అక్కడి అన్నలకు ఇది ఇంకా అవసరం.

మరి ఏం వెయ్యాలి? పూర్తిగా మాగిన పశువుల ఎరువు, పావు గుంటకు మూడు నాలుగు తట్టలు. వాగు ఒడ్డు ఇసుక కలిసిన ఒండ్రు మట్టి అయితే దీనికి మించింది లేదు. నల్ల రేగడి అయితే బోదెలు ఎత్తుగా కట్టుకోండి, నీళ్లు నిలిస్తే గడ్డ కుళ్లుతుంది. పోయిన యేడు వంకాయ, టమాట, మిర్చి పెట్టిన చోట ఆలుగడ్డ పెట్టొద్దు. ఇవన్నీ ఒక్క కుటుంబమే, ఒకదాని ఎండు తెగులు ఇంకోదానికి అంటుకుంటుంది. మన వైపు మిర్చి ఎక్కువ కాబట్టి చోటు చూసుకొని పెట్టండి.

*పెట్టుడు, నీళ్లు, మట్టి ఎగదోసుడు*

వరుసకు వరుసకు రెండడుగులు, గడ్డకు గడ్డకు జానెడు. రెండు మూడు అంగుళాల లోతులో, మొలక పైకి ఉండేటట్టు పెట్టి మట్టి కప్పాలి. పైన వరిగడ్డి పలుచగా పరిస్తే పగటి వేడి మట్టిలోకి దిగదు, తడి ఆరదు, గడ్డి కూడా తక్కువ మొలుస్తుంది.

నెల దినాలకు చెట్టు జానెడు పైన ఎదుగుతుంది. అప్పుడు రెండు పక్కల నుంచి మట్టి మొదట్లోకి ఎగదోయాలి. గడ్డ కట్టేది ఆ ఎగదోసిన మట్టిలోనే. బయటికి కనపడిన గడ్డకు వెలుతురు తగిలి పచ్చబడుతుంది. పచ్చబడ్డ గడ్డలో సొలనిన్ అనే విషం చేరుతుంది, చేదుగా ఉంటుంది. అది తినొద్దు, పశువులకు కూడా వెయ్యొద్దు. ఎర్ర తొక్కు మీద పచ్చదనం తొందరగా కనపడదు. అందుకని గోటితో కొంచెం గీకి చూడండి.

నీళ్లు వారానికి ఒకసారి, ఇసుక నేలకు నాలుగైదు దినాలకొకసారి. మట్టి ఎగదోసిన తర్వాత నాలుగు వారాలు తడి ఆరనీయొద్దు. గడ్డ కట్టేది అప్పుడే, తడి ఉంటే గజ్జి కూడా తక్కువ.

*చీడ వస్తే?*

మందు లేకుండా మేము చేసేవి ఇవే.

పేనుబంక: రెండు దినాలకొకసారి పొద్దుగాల ఆకు తిప్పి చూస్తాం. ఎక్కువ పట్టిన కొమ్మ తుంచి నీళ్ల బకెట్‌లో వేస్తాం. మిగతా దాని మీద ఉత్త నీళ్లు గట్టిగా కొడతాం. పసుపు రంగు జిగురు అట్టలు రెండు మడిలో కడతాం.

మొదలు కొరికే పురుగు: పొద్దుటికి మొక్క తెగి పడి ఉంటే దాని మొదట్లో మట్టి కదిపితే పురుగు చుట్టుకొని దొరుకుతుంది. ఏరి చంపడమే. పావు గుంటలో ఇది పెద్ద పని కాదు.

ఆకుమాడు: డిసెంబరులో మబ్బు పట్టి, మంచు కురిసిన దినాల్లో ఆకు అంచుల్లో తడిసినట్టు నల్ల మచ్చలు వస్తాయి. ఒకటి రెండు ఆకులైతే తుంచి కాలుస్తాం. మడి అంతా పాకితే, అప్పటికి 60 దినాలు దాటితే, ఆకు మొత్తం మొదలు దాకా కోసేస్తాం. గడ్డ చిన్నగా ఉన్నా చేతికి దక్కుతుంది. తొందర గడ్డతో లాభం ఇదే. ఆలస్యపు గడ్డ అయితే 60 దినాలకు ఏమీ ఉండదు, అప్పుడు మందు కొట్టక తప్పదు.

దుంప తొలిచే పురుగు: పగుళ్లలోంచి గడ్డ కనపడితే మట్టి కప్పండి. తవ్విన గడ్డను రాత్రి మడిలో వదలొద్దు.

ముందే మందు తాగిన పంపు ఇంట్లో ఉంటే దానికి ఎర్ర గుడ్డ కట్టి వేరే పెట్టండి. పట్టు పనికి పంపు వేరు, అది ఎవ్వరికీ ఎరువు ఇవ్వొద్దు. చుట్టం అడిగినా, పక్కింటోళ్లు అడిగినా సరే. కాదంటే ఒక్క దినం కోపం వస్తుంది, ఇస్తే ఒక పంట పోతుంది.

*తవ్వుడు, దాచుడు*

75 దినాలు దాటినంక ఒక్క చెట్టు తవ్వి చూడండి. గడ్డ సరిపోను ఉందనుకుంటే నీళ్లు ఆపి, ఆకు కోసెయ్యండి. పది పన్నెండు దినాలు మట్టిలోనే ఉంచితే తొక్క గట్టిపడుతుంది. బొటనవేలుతో రుద్దితే తొక్క లేచిందంటే ఇంకా ఆగాలి. ఎర్ర గడ్డ అందమంతా తొక్కలోనే ఉంది, తొందరపడితే సగం మట్టికే అంటుకొని పోతుంది. రేపు వండే మందం అయితే అప్పుడే తవ్వుకోండి, దానికి తొక్క సంగతి అవసరం లేదు.

తవ్విన గడ్డను కడగొద్దు. నీడలో ఆరబెట్టి, చీకటి మూలలో ఇసుక మీద పరిచి పైన గోనె కప్పండి. నెల, నెలన్నర దాకా బాగుంటుంది. మన ఎండలకు అంతకన్నా ఆగదు. వచ్చే యేడుకు విత్తనం దాచుదామని మేము ఒకసారి చూసినం. మే నెల దాటేసరికి సగం కుళ్లింది, మిగతాది ముడుచుకుపోయింది. మన దగ్గర విత్తనం దాచే ఆశ వద్దు, యేటా కొత్తది తెచ్చుకోవడమే మంచిది. అందుకే పావు గుంటకు మించి పెట్టొద్దు. రెండు నెలల్లో తినగలిగినంత, ఆడబిడ్డ ఇంటికి ఒక సంచి పంపగలిగినంత చాలు.

*మా లెక్క*

పోయిన చలికాలం 6 కిలోల విత్తనం పెట్టి 31 కిలోలు తవ్వినం. పెద్ద రైతులు నవ్వుతారేమో. మందు కొడితే ఇంకో పది, పదిహేను కిలోలు వచ్చేవేమో కూడా. కానీ ఆ యేడు మద్ది చెట్ల మీద మా పురుగు ఒక్కటి కూడా మందు తగిలి చావలేదు. ఆ పది కిలోల కోసం ఒక్క చెట్టు కాయ పోగొట్టుకున్నా మనకు నష్టమే. పెరట్లో ఏం పెట్టినా ముందు ఈ తూకం వేసుకోండి.

చిన్న ఎర్ర గడ్డలు తొక్కతోనే ఉడకబెట్టి, కారం ఉప్పు వేసి, జొన్న రొట్టెతో తిన్నప్పుడు మా అమ్మ ఒక మాట అన్నది: "కాయకు కావలి కాసినట్టే దీన్నీ కాసినం, అందుకే తియ్యగుంది" అని.

మీ పెరట్లో ఆలుగడ్డ పెడితే ఏ దినం పెట్టినరో, ఏ దినం తవ్వినరో, ఎన్ని కిలోలు వచ్చిందో గ్రూపులో రాయండి. మందు లేకుండా పేనుబంకను ఆపే ఇంకో దారి ఎవరికైనా తెలిస్తే తప్పక చెప్పండి. ఆ ఒక్క దాని మీద మేము ఇంకా నేర్చుకుంటున్నాం.